మినియాపోలిస్ చుట్టుపక్కల రోలర్ స్కీయింగ్‌కి మంచి చోట్లు చెప్పండి

ప్లిమత్_శీను
అందరికీ నమస్తే. మేం ప్లిమత్‌లో ఉంటాం, మా అమ్మాయికి 13, స్కూల్లో నార్డిక్ స్కీ, అంటే క్రాస్ కంట్రీ స్కీయింగ్ టీమ్‌లో చేరింది, తోడుగా నేనూ మొదలుపెట్టాను. ఇప్పుడు మంచు పోయింది కదా, కోచ్ ఏమో ఎండాకాలమంతా రోలర్ స్కీలు చెయ్యమంటున్నాడు. తెలియని వాళ్ళకి చెప్తున్నా, రెండడుగుల కడ్డీ, ముందో చక్రం వెనకో చక్రం, స్కీ బూటు ముందువైపు మాత్రమే తగులుకుంటుంది మడమ పైకి లేస్తూనే ఉంటుంది, చేతుల్లో పోల్స్ అంటే నేలకి గుచ్చి తోసుకునే కర్రలు, బ్రేకు ఉండదు. ఆ బ్రేకు ముక్క విన్న దగ్గర్నుంచి మా ఆవిడ ససేమిరా అంటోంది.

స్కేట్ రకం, అంటే కాళ్ళు పక్కలకి తోస్తూ పోయేవి, రెండు జతలు సెకండ్ హ్యాండ్‌లో దొరికాయి. చోటే దొరకట్లేదు. మ్యాపులో ట్రయిల్స్ అన్నీ ఒకే రంగు గీతలు, ఏది తారో ఏది మట్టో, ఎక్కడ దిగుడుందో ఏం అర్థం కాదు. కార్లు రాకూడదు, మరీ రద్దీ ఉండకూడదు, అలాగని పార్కింగ్ లాట్‌లో గానుగెద్దులా తిరగడం కూడా మావల్ల కాదు. ఎవరైనా వెళ్తుంటే చెప్పండి ప్లీజ్.

మంచుపులి
శీను గారూ, ముందు వద్దన్నవి చెప్తా. లూస్ లైన్ ట్రయిల్ మీ ప్లిమత్ నుంచే మొదలవుతుంది కాబట్టి మీ కన్ను ముందు దానిమీదే పడుంటుంది, కానీ అక్కణ్ణుంచి పడమటికి పోయే ముక్క సున్నపురాయి పొడి పరిచిన దారి. సైకిల్‌కి బానే ఉంటుంది, మన సన్న చక్రం మాత్రం దిగబడుతుంది, పోల్ మొన గుచ్చితే పట్టదు, బేరింగుల్లోకి పొడి పోతుంది. హాప్‌కిన్స్, చాన్‌హాసెన్ వైపు వెళ్ళే మిన్నెసోటా రివర్ బ్లఫ్స్ ట్రయిల్ కూడా అదే బాపతు.

మీరు మొదట వెళ్ళాల్సింది డకోటా రైల్ ట్రయిల్. వేజాటా నుంచి సెయింట్ బోనిఫేషియస్ దాకా ఇంచుమించు 13 మైళ్ళు, మొత్తం తారు. ఒకప్పటి రైలు దారి, రైలు నిటారు ఎక్కలేదు కదా అందుకని ఎక్కడా పెద్ద ఎక్కుడు దిగుడు ఉండదు. మిన్నెటోంకా లేక్ పక్కపక్కనే పోతుంది కాబట్టి బోర్ కొట్టే ప్రశ్నే లేదు. రోడ్డు క్రాసింగులు ఉన్నాయి, ప్రతి క్రాసింగుకీ ముందే తోయడం ఆపేసి ఊరికే జారుతూ వెళ్ళి నడిచి దాటండి, అది అలవాటైతే ఇంక భయం లేదు.

ఇంకొకటి, ఏ చోటైనా చూసేటప్పుడు కొండ ఎంత ఎత్తుందా అని చూడకండి, ఆ దిగుడు ఎక్కడ ఆగుతోందో చూడండి. దిగువన చదును గానీ ఎదురెక్కుడు గానీ ఉంటే స్పీడు దానంతటదే చచ్చిపోతుంది, పెద్ద కొండైనా పర్లేదు. అదే దిగువన స్టాప్ సైనో, ముడుచుకున్న మలుపో, చెక్క వంతెనో ఉంటే చిన్న దిగుడైనా వద్దు. నేను కొత్త చోటికి ముందు సైకిల్ మీద ఒకసారి వెళ్ళొస్తా, స్కీలు కారులోనే ఉంటాయి.

పప్పుచారు99
ఇంత తిప్పలెందుకండీ ఇన్‌లైన్ స్కేట్స్ కొనిస్తే పోలా, వాటికి వెనకాల బ్రేకైనా ఉంటుంది 😄

మంచుపులి
@పప్పుచారు99 బ్యాలెన్స్‌కి బానే ఉపయోగపడతాయి, కాదనను. కానీ వాటిలో బూటు మొత్తం గట్టిగా బిగించి ఉంటుంది. స్కీలో మడమ లేవాలి, సగం పని చేతులూ పొట్టా చెయ్యాలి. రోలర్ స్కీ మీద అదే బూటు, దాన్ని తగిలించే అదే బైండింగ్, అదే కదలిక. అందుకే కోచ్‌లు వీటినే పట్టుకుంటారు.

లక్ష్మి_బ్లూమింగ్టన్
శీను గారూ మా ఇద్దరు పిల్లలూ చేస్తారు. మీకు ఎల్మ్ క్రీక్ పార్క్ రిజర్వ్ దగ్గరే కదా, మేపుల్ గ్రోవ్ గుడికి వెళ్ళే వాళ్ళందరికీ అటువైపు తెలిసే ఉంటుంది. లోపల 20 మైళ్ళ దాకా తారు ట్రయిల్ ఉంది, కార్లు రావు, మధ్యమధ్య చిన్న చిన్న ఎత్తుపల్లాలు, చెట్లు, గడ్డి మైదానం. పిల్లలకి మంచుమీద ఉన్నట్టే అనిపిస్తుంది ఎందుకంటే చలికాలంలో వాళ్ళు స్కీ చేసేది కూడా అక్కడే. కొన్ని దిగుళ్ళు మలుపు మీద ఉంటాయి, అవి మంచుపులి గారన్నట్టు ముందే చూసుకోండి, మేమైతే అక్కడ స్కీలు విప్పేసి చేత్తో పట్టుకుని గడ్డిమీద నడుస్తాం. పిల్లలు నామోషీగా ఫీలవుతారు, ఫీలవనివ్వండి.

శని ఆదివారాలు పొద్దున్నే 8 లోపు వెళ్ళిపోండి, తర్వాత ఫ్యామిలీలు, సైకిల్ నేర్చుకునే చిన్నపిల్లలు, స్ట్రోలర్లు. చిన్నపిల్లలు ఎటు తిరుగుతారో వాళ్ళకే తెలీదు.

మొదటి వారం మాత్రం ట్రయిల్‌కి వెళ్ళకండి. ఇంటి ముందు పచ్చికలో స్కీలు వేసుకుని నిలబడటం, అడుగులెయ్యడం, పోల్స్ లేకుండా. తర్వాత ఖాళీ స్కూల్ పార్కింగ్ లాట్. హెల్మెట్ ఎలాగూ తప్పదు, దాంతోపాటు మోకాలికి మోచేతికి ప్యాడ్స్, గ్లోవ్స్. పడేటప్పుడు అరచేయి ముందు పెడతాం కదా, గ్లోవ్స్ లేకపోతే తోలు ఊడొస్తుంది. మా చిన్నోడి చేతులు చూశాక చెప్తున్న మాట.

నల్గొండ_నర్సి
అన్నా నేను అప్‌టౌన్ దిక్కుంట, ఆడికెంచి చెప్త. మిడ్‌టౌన్ గ్రీన్‌వే చూసినవా? అయిదున్నర మైళ్ళు, పాత రైలు లైను, చానా దూరం రోడ్డుకంటే కింద కాల్వ లెక్క తవ్విండ్రు, మీదికెళ్ళి వంతెనల మీద కార్లు పోతుంటయ్, మనం కింద ఆగకుండ పోవుడే. సైకిళ్ళకు వేరే నడిచెటోళ్ళకు వేరే దారి. లైట్లు గూడ ఉంటయ్. పొద్దుగాల ఆరింటికి పోతే మస్తుంటది. సాయంత్రం అయిదింటికి మాత్రం పోకు, ఆఫీసులకెళ్ళి ఇంటికి పొయ్యే సైకిలోళ్ళు గుండె ఆగేటట్టు పక్కకెంచి దూసుకపోతరు. ఇంకోటి, గా కాల్వల దిగినంక బయటికొచ్చే ర్యాంపులు అక్కడక్కడనే ఉంటయ్, బిడ్డ అలిసిపోయిందంటే ర్యాంపు దాంక పోవాల్సిందే, యాదికుంచుకో.

సెరువుల దిక్కైతే బ్డే మకా స్కా. చుట్టు మూడు మైళ్ళు ఉంటది. సైకిల్ దారి ఒక్క దిక్కే పోతది గనుక ఎదురెవ్వడు రాడు, కొత్తగ నేర్సుకునెటోళ్ళకు అది పెద్ద ఇది. సదును. బాతులు మాత్రం దారంత ఆగం జేసి పెడ్తయ్ 😂 దాని మీదికెళ్ళి పోయినంక చక్రాలు కడుక్కోవాలె.

మంచుపులి
నర్సి బ్రో, బ్డే మకా స్కా పొద్దున ఆరున్నరకి ఓకే. తొమ్మిది దాటాక నేనొప్పుకోను. అక్కడ ట్రయిల్ స్పీడు గంటకి 10 మైళ్ళే, మన స్కేటింగ్ స్టైల్లో కాళ్ళు రెండు వైపులకీ తోస్తాం, పోల్స్ ఇంకా బయటికి పోతాయి, ట్రయిల్ సగానికి పైగా మనమే తినేస్తాం. వెనకనుంచి సైకిల్ వచ్చి పోల్‌కి తగిలితే ఇద్దరూ గోవిందా. కాబట్టి శీను గారూ, ఎక్కడైనా సరే ఎదురుగా గానీ వెనక గానీ మనిషి కనిపిస్తే కాళ్ళు తొయ్యడం ఆపేసి రెండు స్కీలూ దగ్గరపెట్టి డబుల్ పోలింగ్‌లోకి వచ్చేయండి. అంటే రెండు చేతులూ ఒకేసారి గుచ్చి తొయ్యడం. అప్పుడు మీ వెడల్పు నడిచే మనిషంతే. అమ్మాయికి ముందు నేర్పాల్సింది ఇదే అంటాను నేను, స్టైలు తర్వాత.

ఈగన్_రాజు
అందరూ ట్రయిల్ ట్రయిల్ అంటున్నారు, నా మాట వేరు. నేను చాలా ఏళ్ళుగా కౌంటీ రోడ్డు షోల్డర్ మీదే, అంటే తెల్లగీత అవతలి అంచు మీదే చేస్తున్నా. తారు నున్నగా ఉంటుంది, కుక్కలుండవు, చిన్నపిల్లలుండరు, దూరాలు కుదురుతాయి. వీపుకి మెరిసే జాకెట్, వెనక ఎర్ర లైటు ఉంటే డ్రైవర్లు దూరంగానే పోతారు. క్లబ్బుల వాళ్ళు కూడా రోడ్ల మీదే చేస్తారు. ట్రయిల్‌లో ప్రతి పావు మైలుకీ ఎవడో ఒకడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆన్ యువర్ లెఫ్ట్, అంటే నీ ఎడమ పక్కనుంచి వస్తున్నా అని ఎంత అరిచినా వినపడకుండా పోతుంటాడు, అది సేఫా?

లక్ష్మి_బ్లూమింగ్టన్
రాజు గారూ మీరు పెద్దవాళ్ళు, అలవాటున్నవాళ్ళు, మీ ఇష్టం. 13 ఏళ్ళ పిల్లని షోల్డర్ మీదకి పంపమంటారా? డ్రైవర్ ఫోన్ చూసుకుంటే జాకెట్ ఏం చేస్తుంది.

ఈగన్_రాజు
పిల్లని పంపమనలేదండీ, చోట్ల లిస్టులో షోల్డర్లకి కూడా చోటుండాలి అన్నా అంతే. మొదటి ఏడాది వద్దు, అది నేనూ ఒప్పుకుంటా.

మంచుపులి
రాజు గారు చెప్పిందాంట్లో తారు నున్నదనం నిజమే. కానీ షోల్డర్ కొంచెం వాలుగా ఉంటుంది నీళ్ళు పోడానికి, గంటసేపు దానిమీద పోతే ఒక కాలి మడమ పట్టేస్తుంది, పైగా కొన్నిచోట్ల తెల్లగీత పక్కన గరగరమనే గాళ్ళు కోసి ఉంటాయి, చక్రం దాంట్లో పడితే ముఖమే ముందు. ఏప్రిల్‌లో అసలొద్దు, చలికాలంలో చల్లిన ఇసుకంతా షోల్డర్ మీదే ఉంటుంది, ఊడ్చే బండి వచ్చిపోయేదాకా ఆగాలి.

నేల గురించి ఇంకొంచెం. ఇక్కడ చలికి తారు పగుళ్ళిస్తుంది కదా, వాటిలో నల్లటి తారు పోసి పూడుస్తారు పాముల్లా వంకర్లు పోతూ ఉంటాయి, జులై ఎండకి అవి మెత్తబడతాయి, పోల్ మొన దిగితే ఊడిరాదు, చేయి వెనక్కి లాగేస్తుంది. చెక్క వంతెనల మీద పలకల సందుల్లో మొన ఇరుక్కుంటుంది, వంతెన రాగానే పోల్స్ పైకెత్తేయండి. సెప్టెంబర్‌లో ఓక్ చెట్ల కింద కాయలు, అవి చక్రం కింద పడితే నలగవు, చక్రమే ఆగిపోతుంది మనం ఆగం. తడిసిన ఆకులూ తడిసిన పెయింట్ గీతలూ సరేసరి.

ఓస్లో_వంశీ
నార్వే నుంచి హాయ్ 🙂 ఈ థ్రెడ్ చూసి ఆగలేకపోయా. ఇక్కడ ఎండాకాలం ఆదివారం మారిడాలెన్ రోడ్డు మీదకి వెళ్తే రోలర్ స్కీల వాళ్ళు గుంపులు గుంపులు, తాతల దగ్గర్నుంచి బళ్ళో చదివే పిల్లల దాకా. కార్ల వాళ్ళకి అలవాటైపోయింది, ఓపిగ్గా వెనకాలే వస్తారు. సోర్కెడాలెన్ వైపు కూడా అంతే.

హోల్మెన్‌కోలెన్‌లో ప్రత్యేకంగా రోలర్ స్కీల కోసమే వేసిన దారి ఉంది, కార్లూ కుక్కలూ ఏం ఉండవు, మెట్రో 1వ లైన్ ఎక్కితే దగ్గర్లో దింపుతుంది. ఆహా అనుకుని కొత్తవాళ్ళు నేరుగా అక్కడికే పోతారు. అది వరల్డ్ కప్ వాళ్ళు తిరిగే కొండ, ఎక్కుడు ఊపిరి తీస్తుంది దిగుడు ప్రాణం తీస్తుంది. కేవలం రోలర్ స్కీల కోసం కట్టారు కదా అని సేఫ్ అనుకోకూడదు. కొత్తగా వచ్చిన మనవాళ్ళకి నేను చెప్పేది ఫోర్నెబు. పాత ఎయిర్‌పోర్టు 1998లో మూసేశారు, ఇప్పుడక్కడ పార్కులూ ఆఫీసులూ, ఎయిర్‌పోర్టు కట్టిన నేల కాబట్టి బల్లపరుపు, సముద్రం పక్కనే వెడల్పాటి దారులు. గాలి మాత్రం ఎదురొస్తే ఏడిపిస్తుంది. ఆఫీసు అక్కడే ఉన్న మన తెలుగువాళ్ళు కొందరు లంచ్ టైమ్‌లో ఓ రౌండ్ వేసొస్తారు.

దిగుడు భయం ఉన్నవాళ్ళకి ఇంకో ఉపాయం, ఇక్కడ చాలామంది చేసేది. ఎక్కడం స్కీల మీద, దిగడం కారులో. లీసెబోట్న్ అనే ఊళ్ళో ఫియోర్డ్ (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రం) ఒడ్డునుంచి హెయిర్‌పిన్ మలుపుల మీదుగా పైకి రేసే పెడతారు, పైకి మాత్రమే. అందరూ చూస్తూ ఎంజాయ్ చేస్తారు, ఎవడూ దాన్ని స్కీల మీద దిగుతానని అనడు.

నల్గొండ_నర్సి
వంశీ అన్నా కార్లు ఓపికగ ఎన్కనే వస్తయా?? నువ్ ఏ దేశంల ఉన్నవ్ నిజం జెప్పు 😭

కేంబ్రిడ్జ్_కుర్రాడు
బోస్టన్ వాళ్ళెవరైనా ఈ థ్రెడ్‌కి వస్తారని రాస్తున్నా. మినిట్‌మ్యాన్ బైక్‌వే పేరు అందరూ చెప్తారు, బెడ్‌ఫర్డ్ నుంచి ఏల్‌వైఫ్ స్టేషన్ దాకా, కానీ వీకెండ్ రద్దీ, రోడ్డు క్రాసింగులు బోలెడు. నాకు నచ్చింది కేంబ్రిడ్జ్‌లో మెమోరియల్ డ్రైవ్. వేసవిలో ఆదివారం పగలు దాంట్లో ఒక ముక్కకి కార్లు ఆపేస్తారు, నది పక్కన రోడ్డు మొత్తం మనదే, రోడ్డు వెడల్పుంది కాబట్టి పోల్స్ ఎంత చాపినా ఎవరికీ తగలవు. స్టూడెంట్స్‌కి కారు లేకపోయినా రెడ్ లైన్ ఎక్కి రావొచ్చు. దూరం చిన్నదే, అటూ ఇటూ తిరగాలి.

ప్లిమత్_శీను
ఇంతమంది ఇంత వివరంగా రాస్తారనుకోలేదు, థాంక్యూ అందరికీ. ఈ వారం అమ్మాయినీ తీసుకుని సైకిళ్ళ మీద డకోటా రైల్ చూసొచ్చాం, వేజాటా వైపు నుంచి. మా ఆవిడ కూడా వచ్చింది, ఆ నీళ్ళు చూశాక సగం మెత్తబడింది. ఇప్పుడు రెండు డౌట్లు.

ఒకటి, స్కూల్ లాట్‌లో ప్రాక్టీస్ చేస్తుంటే పోల్స్ గుచ్చినప్పుడల్లా జర్రున వెనక్కి జారుతున్నాయి. సెకండ్ హ్యాండ్‌వే, మొన గుండ్రంగా నున్నగా అయిపోయుంది. రెండు, స్పీడు తగ్గించడానికి ఏదైనా ఉందా? అమ్మాయి బానే ఉంది, నాకే చిన్న వాలు కనిపించినా కాళ్ళు వణుకుతున్నాయి.

మంచుపులి
మొన గురించి: మంచులో దిగబడకుండా ఉండే బుట్టలున్న మొనలు తీసేసి రోలర్ స్కీ మొనలు పెట్టాలి, కార్బైడ్ అనే గట్టి లోహంవి. వేడి నీళ్ళలో కాసేపు ఉంచితే పాత జిగురు వదులుతుంది, లాగితే ఊడొస్తుంది, కొత్తది హాట్ గ్లూతో అతికించి తిన్నగా ఉందో లేదో చూసుకోండి. తారుమీద కార్బైడ్ కూడా అరుగుతుంది, డైమండ్ ఆకురాయితో ముందంచు పదును పెట్టుకుంటూ ఉండాలి. వేలితో తాకితే గుచ్చుకోవాలి, గీసుకుంటే చాలదు. మొన పట్టకపోతే మనిషి భుజంతో బలవంతంగా తోస్తాడు, దాంతో మోచేయి నొప్పి, అది వచ్చిందంటే ఎండాకాలం హాంఫట్.

స్పీడు గురించి: చక్రాల రబ్బరులోనే రకాలున్నాయి. కొన్ని కంపెనీల చక్రాల మీద 1, 2, 3, 4 అని అంకె ఉంటుంది, అంకె పెరిగేకొద్దీ నెమ్మది. మీరు 3 గానీ 4 గానీ వేయించుకోండి, సిగ్గేం లేదు, మీకూ అమ్మాయికీ స్పీడు కలుస్తుంది కూడా. కొన్ని మోడల్స్‌కి స్పీడ్ రెడ్యూసర్ బిగించుకోవచ్చు, చిన్న మర తిప్పితే ఒక రోలర్ వచ్చి చక్రానికి ఒత్తుకుంటుంది, కొండ ముందు ఆగి వంగి తిప్పుకోవాలి. బ్రేకు కాదు అది, పోతూ పోతూ వెయ్యలేరు.

ఆగడం మాత్రం గడ్డి మీదే. పక్కన గడ్డి ఉన్న ట్రయిల్ ఎంచుకోమనేది అందుకే. స్పీడు పెరుగుతోందనిపించగానే, బాగా పెరిగాక కాదు, మోకాళ్ళు వంచి ఒక్కో అడుగు గడ్డిలోకి వేసి పరిగెత్తినట్టు నాలుగడుగులు. లాట్ అంచున పచ్చిక ఉంటుంది కదా, అక్కడే ప్రాక్టీస్ చెయ్యండి.

వైజాగ్_కిట్టు
అన్నయ్యలూ నేను ఇండియా నుంచి. హిమాచల్‌లో స్కీయింగ్ కోర్సు చేసొచ్చా, క్రాస్ కంట్రీ పిచ్చి పట్టుకుంది. కొడగు నుంచి భవాని తెక్కడ నంజుండ క్రాస్ కంట్రీ స్కీయింగ్‌లో ఇండియాకి ఆడుతోంది కదా, కొడగులో మంచెక్కడుంది, మరి మనకెందుకు కుదరదు అని. రోలర్ స్కీలు బయటినుంచి తెప్పించుకుంటున్నా. వైజాగ్‌లో, హైదరాబాద్‌లో ఎక్కడ చెయ్యొచ్చంటారు?

నల్గొండ_నర్సి
తమ్మీ హైదరాబాద్‌ల అయితే ఓఆర్ఆర్ పక్కన సోలార్ కప్పున్న సైకిల్ ట్రాక్ ఉంది సూడు, 2023ల తెరిసిండ్రు, అంత కల్పి 23 కిలోమీటర్లు. నీడకు నీడ, నున్నగ, కార్లు రావు. మొన్న ఇంటికి పోయినప్పుడు సైకిల్ తొక్కిన, ఆడ పోల్స్ పట్టుకుని పోతుంటే ఎట్లుంటదో అనే అనుకున్న. గాని అది సైకిళ్ళకోసం కట్టిండ్రు, ముందుగాల ఆడున్న సిబ్బందిని అడుగు, లొల్లి పెట్టుకోకు. కేబీఆర్ పార్కు మాటే ఎత్తకు, అది మట్టి దారి.

లక్ష్మి_బ్లూమింగ్టన్
కిట్టూ, మాదీ వైజాగే. పొద్దున్నే ఆర్కే బీచ్ రోడ్డు మీద బళ్ళు ఆపేస్తారు కదా వాకర్ల కోసం, ఆ టైమ్‌లో నువ్వొక్కడివే అయితే కష్టం, జనం ఎక్కువ, పోల్స్ చూసి చుట్టూ మూగుతారు కూడా. ముందు వుడా పార్కులో స్కేటింగ్ రింక్ ఉంది కదా, అక్కడి కోచ్‌లతో మాట్లాడు, బ్యాలెన్స్ వరకూ అక్కడే నేర్చుకో, రింక్ మీద పోల్స్ గుచ్చనివ్వరు సరే. రోడ్డు మీదకి వచ్చాక ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళండి, ఒకళ్ళు సైకిల్ మీద ముందు. వీధికుక్కలకి పోల్స్ చూపించి బెదిరించకు, ఇంకా వెంటపడతాయి.

ఈగన్_రాజు
శీను గారూ మీ అమ్మాయి బాగా ముదిరాక స్టిల్‌వాటర్ వైపు రండి. బ్రౌన్స్ క్రీక్ ట్రయిల్ ఉంది, ఆరు మైళ్ళకి కాస్త తక్కువ, గేట్‌వే ట్రయిల్‌కి కలుస్తుంది. స్టిల్‌వాటర్ నుంచి పైకి సన్నటి ఎక్కుడు, వాగు పక్కనే, చెట్ల నీడ. ఓస్లో ఆయన చెప్పినట్టు కింద మొదలెట్టి పైకి వెళ్ళండి, పైన కారు పెట్టుకోండి. ఆ పక్క ఊరు ఆఫ్టన్‌దే కదా ఒలింపిక్ స్వర్ణం గెలిచిన క్రాస్ కంట్రీ స్కీయర్ జెస్సీ డిగ్గిన్స్, 2024లో థియోడర్ వర్త్ పార్కులో వరల్డ్ కప్ పెట్టినప్పుడు చూశారా, నేను చలిలో పొద్దున్నుంచీ నిలబడ్డా. ఆ వర్త్ పార్కు రోడ్డు పక్క ట్రయిల్ కూడా బావుంటుంది గానీ ఎత్తుపల్లాలు గట్టివి, ఇప్పుడే వద్దు.

ప్లిమత్_శీను
రాజు గారూ నోట్ చేసుకున్నా. మొనలూ, 3 నంబర్ చక్రాలూ ఆర్డర్ పెట్టేశా, గురువారానికి వస్తాయంటున్నారు. శనివారం పొద్దున 6:45కి ఎల్మ్ క్రీక్‌లో స్విమ్మింగ్ పాండ్ పార్కింగ్ దగ్గర ఉంటాం, లక్ష్మి గారి పిల్లలు వస్తే మా అమ్మాయికి తోడుంటుంది. చదునుగా ఉన్న ముక్క మాత్రమే చేస్తాం. వాన పడితే లేదు.

లక్ష్మి_బ్లూమింగ్టన్
వస్తాం. పెద్దది మీ అమ్మాయి వయసే. నేను సైకిల్ మీద వెనకొస్తా, ఫస్ట్ ఎయిడ్ బ్యాగ్ నా దగ్గరుంటుంది. అయ్యాక మేం గుడికి వెళ్తాం, మీరూ వస్తే స్నానాలకి టైమ్ ఉండదు మరి, మీ ఇష్టం.

పప్పుచారు99
చూడ్డానికి రావచ్చా? ఇడ్లీలు తెస్తా. స్కీలు మాత్రం ఎక్కించకండి.

నల్గొండ_నర్సి
ఇడ్లీలంటే నేనొస్త. అప్‌టౌన్‌ల ఎవరన్న ఉంటే చెప్పుండ్రి, కార్ల ఇంకో ఇద్దరికి జాగ ఉంది, స్కీలు మాత్రం ఒళ్ళె పెట్టుకోవాలె.